గులాబీకి వాసన ఏ ఎరువుతో వస్తుంది?

ప్రశ్న: మాది ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండలు మండిపోయే చోటు. డాబా మీద నల్ల ప్లాస్టిక్ కుండీల్లో మూడు గులాబీలు పెంచుతున్నాను. రసాయనాలు వాడకూడదని పట్టుదల. వారం వారం కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద వేస్తున్నాను. రెండు రోజులకోసారి వేపనూనె కొడుతున్నాను. రోజూ నీళ్లు పోస్తున్నా మధ్యాహ్నానికి మొక్కలు వేలాడిపోతున్నాయి. కొన్న రోజు అరచెయ్యంత పూలున్నాయి, ఇప్పుడు బొత్తాలంత పూసి ఆ సాయంత్రానికే రాలిపోతున్నాయి. చిగుళ్లు పసుపుగా వస్తున్నాయి. ఒక మొక్క నాకంటే ఎత్తు పెరిగింది గానీ ఒక్క మొగ్గ వెయ్యలేదు. వాసన మాత్రం మొదటినుంచీ లేదు. చిన్నప్పుడు పెరట్లో ఒక్క గులాబీ పూస్తే గదంతా గుబాళించేది. ఆ వాసన రావాలంటే ఏ సేంద్రియ ఎరువు వెయ్యాలో చెప్పండి.

జవాబు: ఏ ఎరువు వేసినా రాదమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇదంతా చదివేలోపు మీరు ఇంకో ఎరువు సంచీ తెచ్చేసుకుంటారేమోనని. గులాబీకి వాసన పుట్టుకతో వస్తుంది. రకంలో వాసనంటూ ఉంటే మనం చేసే సేవ దాన్ని నిలబెడుతుంది. రకంలోనే లేకపోతే కామధేనువు పేడ తెచ్చి వేసినా ఆకులు నిగనిగలాడతాయి తప్ప పువ్వు నోరు విప్పదు.

మీరు కొన్నవి బహుశా పూలగుత్తుల వ్యాపారం కోసం తయారైన రకాలై ఉంటాయి. పొడుగాటి కాడ, బిగుతుగా చుట్టుకున్న మందపాటి రేకులు, కోసి వారం దాటినా వాడని మొండితనం, ఆ రకాలను ఎంచినవాళ్లు చూసుకున్నవి ఇవే. వాళ్లకు కావలసింది ప్రయాణాన్ని తట్టుకునే పువ్వు. అలా ఎంచుతూ ఎంచుతూ పోయేసరికి వాసన దారిలో ఎక్కడో జారిపోయింది. ఎవరూ పనిగట్టుకుని తీసెయ్యలేదు, ఎవరూ పట్టించుకోలేదంతే.

ఇది ఎంతగా పుట్టుకకు సంబంధించిన గుణమో చెప్పడానికి ఒక జంట ఉంది. ఫ్రాన్సులో మెయాన్ కుటుంబం 1963లో విడుదల చేసిన 'పాపా మెయాన్' ముదురెరుపు గులాబీ, వాసనకు పెట్టింది పేరు. నర్సరీల్లో మెయిలాండ్ అని రాసి ఉంటుంది, కంగారుపడకండి, అదే ఇది. అదే ఇంటిపేరున్న 'రూజ్ మెయాన్'కి వాసన దాదాపు లేదు. ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ రెండింటి రేకులనూ పక్కపక్కన పెట్టి పరిశీలించి 2015లో ఒక సంగతి బయటపెట్టారు. గులాబీ వాసనలో ముఖ్యమైన జెరానియాల్ తయారు కావాలంటే రేకుల కణాల్లో నూడిక్స్ అనే కోవకు చెందిన ఒక ఎంజైము పని చెయ్యాలి. వాసన ఉన్న పువ్వులో దాని జన్యువు చురుగ్గా పని చేస్తోంది, లేనిదాంట్లో దాదాపు పడుకునే ఉంది. పడుకున్న జన్యువును వర్మీకంపోస్టు లేపలేదు కదా!

కాబట్టి మొదటి పని వాసన ఉన్న రకం తెచ్చుకోవడం, అదీ ఎండకు తట్టుకునేది. నేనైతే ముందు పాతకాలపు రకాల వైపే చూస్తాను. గెష్విండ్ అనే ఆయన తయారు చేసిన, 1897లో విడుదలైన 'గ్రస్ ఆన్ టెప్లిట్జ్' ఎర్రటి పువ్వు, కాస్త తలవంచుకుని పూస్తుంది. కాడ పొట్టి, రేకులు పల్చన, గుత్తిలో పెట్టడానికి పనికిరాదు, కానీ మసాలా ఘాటు కలిసిన ఆ వాసనకు అవన్నీ మాఫీ. కొత్త కొమ్మ వేసినప్పుడల్లా పూస్తుంది. తర్వాత బోర్బన్ గులాబీలు. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అంటున్న దీవికి పాత పేరు బోర్బన్. అక్కడ చైనా గులాబీ, డమాస్క్ గులాబీ కలిసి రెండు వందల ఏళ్ల కిందట ఈ సంతతి పుట్టింది. వేడి దీవిలో పుట్టిన పిల్ల కాబట్టి ఎండ దీనికి కొత్త కాదు. ఎడ్వర్డ్ గులాబీ ఆ కోవలోదే.

డమాస్క్, అంటే పన్నీరు గులాబీ, వాసనలో అన్నింటికీ పెద్దమ్మ. కానీ ఒక మెలిక ఉంది. ఏడాదికి ఒక్కసారే పూసే డమాస్క్ రకాలకు చలి బాగా పడాలి. అందుకే అత్తరు తోటలు బల్గేరియాలో కజాన్‌లక్ లోయలోనూ, ఎడారి దేశమైన సౌదీలో కూడా తాయిఫ్ కొండల మీదా ఉన్నాయి. మీ డాబాకు అవి పనికిరావు. అడిగి, మళ్లీ మళ్లీ పూసే పన్నీరు రకమే తీసుకోండి. పెద్ద పువ్వే కావాలంటే 1964 నాటి 'మిస్టర్ లింకన్' ఉంది. మనిషెత్తు పెరుగుతుంది కాబట్టి పెద్ద కుండీ కావాలి, ఎండకు బాగానే ఓర్చుకుంటుంది. 1977లో వచ్చిన 'డబుల్ డిలైట్' మీగడ రంగు పువ్వు, ఎండ తగిలినకొద్దీ అంచులు ఎర్రబడతాయి. వాసన అద్భుతం, బూడిద తెగులు మాత్రం తొందరగా పడుతుంది. మొదటిసారి పెంచేవాళ్లకి నేను దాన్ని చెప్పను.

ఫొటో చూసి మొక్క కొనకండి, ఫొటోకి వాసన ఉండదు. నర్సరీకి పొద్దున్నే వెళ్లి, సగం విచ్చిన పువ్వు దగ్గర ముక్కు పెట్టి, నచ్చితేనే తెచ్చుకోండి. పొద్దున్నే అని ఎందుకంటున్నానంటే నాకు తగిలిన దెబ్బ అలాంటిది. ఒకప్పుడు మంచి మొక్కనే వాసన లేదని పక్కింటావిడకి ఇచ్చేశాను. నేను దాన్ని చూసేది ఆఫీసు నుంచి వచ్చాక, సాయంత్రం, రోజంతా ఎండలో కాగిపోయిన పువ్వుని. ఆవిడ చూసేది పొద్దున ఏడింటికి. వారం తిరక్కుండా గోడ మీంచి వాసన మా వైపుకే రావడం మొదలుపెట్టింది. తిరిగి అడగడానికి మొహం చెల్లలేదు.

రేకు లోపలి వైపు వేలితో రాస్తే మఖమలులా తగులుతుంది చూడండి, అక్కడి కణాలు చిన్న చిన్న శిఖరాల్లా ఉంటాయి. వాసన తైలాలు రేకుకు రెండు వైపులా ఉన్న పై పొరలనుంచి గాల్లోకి పోతాయి. చల్లటి ఉదయం అవి మెల్లగా విడుదలవుతూ పువ్వు చుట్టూనే తచ్చాడతాయి. ఎండ ఎక్కి వేడిగాలి కొట్టాక ఆ ఉన్న కాస్తా ఆవిరైపోతుంది. అత్తరు కోసం పూలు కోసేవాళ్లు తెల్లవారకముందే తోటలోకి దిగేది అందుకే. కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు టన్నుల పూలు పడతాయి మరి, ఒక గంట ఆలస్యం కూడా వాళ్లకి నష్టమే. మీకూ నాకూ వ్యాపారం లేదు కాబట్టి ఆలస్యమైతే పోయేది మన ముక్కుకి దక్కే భాగమే. కోసి గదిలో పెట్టుకోవాలంటే మొగ్గ సగం విచ్చినప్పుడు, ఎండ పడకముందు కోసి వెంటనే నీళ్లలో పెట్టండి. మీ చిన్నప్పటి గది గుబాళించడంలో ఆ గది చల్లదనం వాటా కూడా ఉండే ఉంటుంది.

ఇక పువ్వు బొత్తాంలా ఎందుకైందో చూద్దాం. గులాబీకి హాయిగా ఉండే వేడి పద్దెనిమిది నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీలు. ముప్ఫై అయిదు దాటిందంటే మొగ్గ తొందర తొందరగా విచ్చుకుంటుంది, రేకుల సంఖ్య తగ్గుతుంది, రంగు వెలిసిపోతుంది. ఇది మీ తప్పు కాదు, మొక్క తప్పూ కాదు. మీ తప్పల్లా నల్ల కుండీ. మధ్యాహ్నం మూడింటికి ఆ కుండీ గోడ మీద చెయ్యి ఆనించి చూడండి, రెండు క్షణాలు ఉంచలేరు. వేళ్లు రోజంతా దానికే ఆనుకుని ఉంటాయి. మట్టి కుండీకి మారిస్తే మంచిది. లేదంటే ఈ కుండీనే ఇంకో పెద్ద కుండీలో దించి, మధ్య సందులో ఎండుటాకులో కొబ్బరిపీచో కూరండి. కనీసం పద్నాలుగు అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉండాలి. కుండీని డాబా నేలకు ఆనించకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. పొద్దుటి ఎండ అయిదారు గంటలు తగిలి, ఒంటిగంట నుంచి నీడ పడే తూర్పు మూల దొరికితే అంతకన్నా ఏం కావాలి? అలాంటి మూల లేకపోతే ఎండలు ముదిరినన్నాళ్లూ మధ్యాహ్నం పూట పల్చటి షేడ్‌నెట్ వెయ్యండి. చిక్కటి నెట్ వేసి రోజంతా వదిలేస్తే మొక్క బతుకుతుంది గానీ పూయదు.

రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క వేలాడిపోతోందన్నారు. రేపు పొద్దున ఒక పని చెయ్యండి. నీళ్లు పోసి, కుండీ అడుగున కన్నం వైపు చూడండి. పది సెకన్లలో నీళ్లు బుడబుడా బయటికి వచ్చేశాయా? అయితే లోపల మట్టి తడవలేదన్నమాట. ఒకసారి బాగా ఎండిన మట్టిముద్ద కుంచించుకుపోయి కుండీ గోడను వదిలేస్తుంది. మీరు పోసిన నీళ్లు ఆ సందులోంచే జారి కింద పోతున్నాయి. పైన తడి, కింద తడి, వేళ్ల దగ్గర పొడి. అలాంటి కుండీని తొట్టెలో పెట్టి, కుండీ పై అంచుకి రెండంగుళాలు తక్కువగా తొట్టెలో నీళ్లు నింపండి. బుడగలు రావడం మొదలవుతుంది. ఆగిపోయేదాకా ఉంచి, తీసి, నీరంతా కారనివ్వండి. ఆ తర్వాత సందులో కొత్త కంపోస్టు కూరి, పైన మూడంగుళాల మందాన ఎండుటాకులో గడ్డో పరవండి, కాండానికి మాత్రం తగలకుండా నాలుగు వేళ్ల ఎడం వదలండి. ఇక రోజూ పొద్దున్నే వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా ఉంటేనే పొయ్యండి. మధ్యాహ్నం ఆకులు కాస్త వేలాడి సాయంత్రానికి లేచాయంటే అది ఎండకు అలసట, దాహం కాదు. అది చూసి మళ్లీ మళ్లీ నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టినవాళ్లు బోలెడుమంది.

చిగుళ్ల పసుపు సంగతికి వస్తే, ఆకును దగ్గరగా చూడండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం మాత్రం పసుపైతే అది ఇనుము అందని గుర్తు. మట్టిలో ఇనుము లేక కాదు, మట్టి క్షారంగా మారిపోతే ఉన్న ఇనుమే వేళ్లకు కరగదు. మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పీహెచ్, అంకె పెరిగేకొద్దీ క్షారం. గులాబీకి అది ఆరు నుంచి ఆరున్నర, మహా అయితే 6.8 ఉండాలి. మీరు వారం వారం వేస్తున్న కట్టెల బూడిద ఆ అంకెను నేరుగా పైకి ఎగదోస్తోంది. దానికి తోడు ఉప్పనీళ్లు, బోరు నీళ్లు అయితే చెప్పక్కర్లేదు. గుడ్డు పెంకుల పొడి అంత హాని చెయ్యదు, ఎందుకంటే ఆమ్లం లేని మట్టిలో అది కరగనే కరగదు. ఏళ్ల తరబడి పెంకుల్లాగే ఉంటుంది. సహజమైనది కదా అని ఏది పడితే అది వేస్తే మంచిదే అన్న నమ్మకం దగ్గరే సేంద్రియ సాగు తప్పుదారి పడుతుంది. బూడిద కూడా రసాయనమేనమ్మా, పొయ్యిలో తయారైందంతే.

బూడిద ఆపెయ్యండి. పై మట్టి ఒక అంగుళం గీకి తీసేసి బాగా మాగిన కంపోస్టు నింపండి. వాన నీళ్లు పట్టుకునే వీలుంటే గులాబీలకే దాచండి. మట్టి పరీక్షలో పీహెచ్ ఏడున్నర దాటితే కుండీకి ఒక చెంచా పొడి గంధకం పైమట్టిలో కలపండి. మట్టిలో బాక్టీరియా దాన్ని మార్చి ఆమ్లం తయారు చెయ్యాలి కాబట్టి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. వారానికే తేడా లేదని ఇంకో చెంచా వెయ్యకండి. తిండి విషయంలో గులాబీకి పెద్ద కోరికలేం లేవు. నెలకోసారి రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి చాలు. ఎముకల పొడి గొప్పదని అందరూ అంటారు, క్షారపు మట్టిలో అది కరగదు, డబ్బు దండగ. పచ్చి పేడ, నత్రజని ఎక్కువుండే ద్రవాలు దట్టిస్తే మెత్తటి కొమ్మలు బుసబుసా వచ్చి పేనుబంకకు విందవుతుంది. ఎండలు మండే రోజుల్లో అసలు ఏ ఎరువూ వద్దు.

వేపనూనె రెండు రోజులకోసారి చాలా ఎక్కువ. ఆకుల మీద నూనె పొర, దాని మీద ఎండ, ఇక వేయించడమే. లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బు ద్రవం వేసి, అయిదు మిల్లీలీటర్ల నూనె కలిపి తెల్లగా పాలలా అయ్యాక, సూర్యుడు దిగాకే కొట్టాలి. అదీ పురుగు కనబడినప్పుడే, వారానికి ఒకసారి మించకుండా. వడగాలి రోజుల్లో పూర్తిగా మానెయ్యండి. విచ్చిన పూల మీద అస్సలు పడకూడదు. తేనెటీగల సంగతి ఒకటి, రెండోది మీకే తెలుస్తుంది, ఇంత కష్టపడి పూయించిన గులాబీ వేపకంపు కొడితే ఎలా ఉంటుందో!

ఎండల్లో మీ అసలు శత్రువు ఎర్రనల్లి. ఆకు పైన ఇసుక చల్లినట్టు సన్నటి తెల్లచుక్కలు కనిపిస్తే, కింద తెల్ల కాగితం పట్టుకుని ఆకును రెండుసార్లు తట్టండి. కాగితం మీద పడిన దుమ్ములో కొన్ని చుక్కలు నడవడం మొదలుపెడితే అవే. దీనికి మందు మామూలు నీళ్లే. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు భాగానికి గట్టిగా కొట్టండి, రోజు మార్చి రోజు, నాలుగైదు సార్లు. పొడి దుమ్ములో పెరిగే పురుగు అది, తడి పడదు. పొద్దున్నే అన్నది మరిచిపోవద్దు, ఆకులు గంటలో ఆరిపోవాలి. గంటల తరబడి తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు పట్టుకుంటుంది. మొగ్గ అంచులు గోధుమరంగుకి తిరిగి సగం విచ్చి ఆగిపోతే అది తామరపురుగు పని, ఆ మొగ్గలు తుంచి సంచీలో కట్టి పారెయ్యండి, కుండీలో రాల్చకండి. బూడిద తెగులుకు ఒక వంతు పాలు తొమ్మిది వంతుల నీళ్లలో కలిపి ఎండ ఉన్న పూట కొడితే మొదట్లో ఆగుతుంది, ముదిరాక ఆగదు. అక్షింతల పురుగులు కనిపిస్తే ముట్టుకోకండి, పేనుబంకను తినేవి అవే. ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి ముక్కలు పోతే తిట్టుకోకండి, అది ఒక రకం తేనెటీగ, గూడు కట్టుకోవడానికి తీసుకుపోయింది. రెండు ఆకులే కదా.

ఇప్పుడు కాస్త మనసు చంపుకోవలసిన పని. ఎండలు బాగా ముదిరిన రెండు మూడు నెలలూ మొగ్గ కనిపిస్తే శనగగింజంత ఉన్నప్పుడే తుంచెయ్యండి. ఆ రోజుల్లో పూసినా బొత్తామే, వాసనా ఉండదు, మొక్క శక్తి మాత్రం పోతుంది. వాడిన పూలు తీసేటప్పుడు పువ్వు మెడ దగ్గరే తుంచండి, ఆకులన్నీ ఉండనివ్వండి, కొమ్మలకు గొడుగు అవే. ఎండల్లో గట్టిగా కత్తిరిస్తే బోసి కొమ్మలు కాలి పైనుంచి ఎండుకుంటూ వస్తాయి. అసలు కత్తిరింపు వాతావరణం చల్లబడటం మొదలయ్యాక చెయ్యాలి. మూడో వంతు ఎత్తు తగ్గించి, బయటి వైపు చూస్తున్న కన్నుకు, అంటే చిగురు పుట్టే చోటుకు, పైన, ఏటవాలుగా. కోసినచోట మధ్యభాగం గోధుమరంగులో ఉంటే ఇంకా కిందికి పోండి, తెల్లగా కనిపించేదాకా. అక్కణ్ణుంచి ఆరేడు వారాలకు పూలొస్తాయి. ఇంట్లో ఏదైనా శుభకార్యం ఉంటే వెనక్కి లెక్కపెట్టుకుని కత్తిరించుకోవచ్చు. వేడి ప్రాంతంలో గులాబీ పండగ చలికాలంలోనే. మీరు చిన్నప్పుడు చూసిన పువ్వు ఏ నెలలో పూసిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆఖరికి, మీకంటే ఎత్తు పెరిగిన ఆ మొక్క. అది మీరు కొన్న గులాబీ కాకపోవచ్చు. నర్సరీ గులాబీలు చాలావరకు అడవి గులాబీ వేరు మీద అంటు కట్టినవి. కాండం మొదట్లో ముడిలాంటి బుడిపె ఉంటుంది, అదే అంటు. పైనున్న మంచి మొక్క ఎండకు చనిపోతే కింది వేరు మొక్క స్వతంత్రం ప్రకటించుకుని ఏపుగా లేస్తుంది. ఒక్కో కాడకు ఏడు చిన్నాకులుంటే అడవిది, అయిదుంటే అసలుది అని చెబుతుంటారు, దాన్ని నమ్మి మంచి మొక్కలు పీకేసినవాళ్లున్నారు. ఏడు ఆకుల మంచి గులాబీలు చాలా ఉన్నాయి. లెక్కపెట్టడం మాని మట్టి తవ్వి చూడండి. ఆ కొమ్మ బుడిపె కిందనుంచి వచ్చిందా, పైనుంచా? ఒక్క కొమ్మే కిందనుంచి వస్తే దాన్ని కత్తిరించకుండా మొదలంటా పట్టుకుని కిందికి లాగి పీకెయ్యండి, కత్తిరిస్తే నాలుగై లేస్తుంది. అన్నీ కిందనుంచే వచ్చి బుడిపె ఎండిపోయి ఉంటే మీ గులాబీ ఎప్పుడో పోయింది, మీరు ఇన్నాళ్లూ దాని అత్తింటివాళ్లని మేపుతున్నారు. ఆ కుండీ ఖాళీ చేసి, పాత మట్టి ఇంకో చెట్టుకు వేసేసి, కొత్త మట్టిలో గ్రస్ ఆన్ టెప్లిట్జ్ పెట్టుకోండి. కుండీ మాత్రం నల్లది వద్దు.